క్యాన్సర్ మందూ ఫంగస్ మందూ కలిసినప్పుడు

క్యాన్సర్ చికిత్సలో ఉన్న మనిషి ప్రాణం తీసేది ప్రతిసారీ క్యాన్సరే కానక్కరలేదు. కీమోథెరపీ దెబ్బకు తెల్లరక్తకణాలు పడిపోతాయి. అవి వారాల తరబడి కోలుకోని రోజుల్లో, గాలిలో తేలే ఆస్పర్జిల్లస్ లాంటి బూజు ఊపిరితిత్తుల్లో పాతుకుపోతే పరిస్థితి చేయిదాటుతుంది. అందుకే లుకేమియా వార్డుల్లో ఫంగస్ మందును జబ్బు వచ్చాక మాత్రమే కాదు, రాకముందు కూడా ఇస్తారు. ఈ అలవాటుకు గట్టి ఆధారం 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. తీవ్ర మైలాయిడ్ లుకేమియా, మైలోడిస్‌ప్లాసియా రోగుల్లో పోసకోనజోల్ ముందుజాగ్రత్తగా వాడినవారిలో 2 శాతం మందికి లోతైన ఫంగస్ సోకితే, ఫ్లుకోనజోల్ లేదా ఇట్రకోనజోల్ వాడినవారిలో 8 శాతం మందికి సోకింది. బతికి బయటపడ్డవారు కూడా పోసకోనజోల్ వర్గంలోనే ఎక్కువ.

కాబట్టి ఫంగస్ మందు వద్దనుకోలేం. క్యాన్సర్ మందు అసలే వద్దనుకోలేం. రెండూ ఒకే ఒంట్లోకి చేరినప్పుడు మాత్రం చీటీ మీద రాసిన డోసుకూ రక్తంలో తిరిగే డోసుకూ సంబంధం తెగిపోతుంది. ఆ తేడా ఒక్కోసారి పాతిక శాతం, ఒక్కోసారి ఇరవై రెట్లు. ఏ జంటలో ఎంత, ఆ లెక్కకు ఆధారం ఏమిటి, దానికి డాక్టర్లు కనిపెట్టిన దారులేమిటి అన్నవి ఒకచోట చేర్చి చూడటం ఈ వ్యాసం పని.

చిక్కు పుట్టేచోటు

ఫంగస్ కణపు పొరకు ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం కావాలి. దాన్ని తయారుచేసే మెట్లలో ఒకటి సీవైపీ51 అనే ఎంజైము చేతిలో ఉంది. ఆ ఎంజైము నడుమ హీమ్ అనే నిర్మాణంలో ఒక ఇనుప పరమాణువు ఉంటుంది. పేరు చివర 'కోనజోల్' అని ఉండే అజోల్ మందులన్నీ తమలోని నైట్రోజన్‌తో ఆ ఇనుమును పట్టుకుని ఎంజైమును పనిచేయనివ్వవు. ఎర్గోస్టెరాల్ లేక ఫంగస్ పొర చెడి, దాని పెరుగుదల ఆగుతుంది.

సీవైపీ అన్నది ఒక పెద్ద కుటుంబం. మన కాలేయంలో, పేగు గోడలో కూడా ఆ కుటుంబపు ఎంజైములున్నాయి. వాటి నడుమ ఉన్నదీ అదే ఇనుము. అజోల్ మందు ఫంగస్ ఎంజైమును ఎలా పట్టుకుంటుందో వీటినీ అలాగే పట్టుకుంటుంది. వీటిలో ముఖ్యమైనది సీవైపీ3ఏ4. మనం వాడే మందుల్లో సగానికి దగ్గరగా దీనిచేతనే విరిగి బయటికి పోతాయి. క్యాన్సర్ మందుల్లో, ముఖ్యంగా ఈ 20 ఏళ్లలో వచ్చిన మాత్రల్లో, దీని మీద ఆధారపడనివి తక్కువ. దీనికి తోడు పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపు ఉంది. కణంలోకి వచ్చిన మందును తిరిగి బయటికి తోసేది అదే. ఇట్రకోనజోల్, పోసకోనజోల్ ఆ పంపును కూడా అడ్డుకుంటాయి.

చెరువులోకి రోజూ వచ్చే నీరు అంతే అయినా తూము మూసేస్తే మట్టం పెరుగుతూనే ఉంటుంది. ఇక్కడ జరిగేదీ అదే. క్యాన్సర్ మందు మాత్ర పెరగలేదు, ఇంజెక్షన్ పెరగలేదు, అయినా ఒంట్లో మందు మట్టం పెరిగింది.

ఎంత పెరుగుతుందన్న దాన్నిబట్టి అమెరికా ఎఫ్‌డీఏ ఈ ఎంజైమును అడ్డుకునే మందులను, అంటే నిరోధకాలను, మూడు తరగతులు చేసింది. మరో మందు మొత్తాన్ని 5 రెట్లు, అంతకుమించి పెంచితే బలమైన నిరోధకం. 2 నుంచి 5 రెట్ల లోపు అయితే మధ్యస్థం. ఒకటింపావు నుంచి 2 రెట్ల లోపు అయితే బలహీనం. కీటోకోనజోల్, ఇట్రకోనజోల్, వోరికోనజోల్, పోసకోనజోల్ బలమైనవి. ఫ్లుకోనజోల్, ఇసావుకోనజోల్ మధ్యస్థమైనవి. ఫ్లుకోనజోల్ 2సీ9, 2సీ19 అనే మరో రెండు ఎంజైముల పనిని కూడా తగ్గిస్తుంది. కాబట్టి మధ్యస్థం అన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండటానికి లేదు.

ఈ ప్రమాదం ప్రపంచానికి గట్టిగా తెలిసింది క్యాన్సర్ వార్డులో కాదు. నోటితో మింగే మొదటి అజోల్ అయిన కీటోకోనజోల్ 1981లో అమెరికాలో మార్కెట్‌కు వచ్చింది. అలర్జీ మాత్ర టెర్ఫెనడిన్‌తో కలిసి అది గుండె లయను ప్రాణాంతకంగా తప్పించగలదని 1990లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో ఒక రోగి ఉదంతం వెలువడింది. ఆ దశాబ్దం ముగిసేలోగా టెర్ఫెనడిన్ అక్కడి మార్కెట్‌లోంచే తప్పుకుంది. కొత్త మందు వస్తే సీవైపీ3ఏ4తో దాని సంగతేమిటో ముందే తేల్చాలన్న పట్టుదల మందుల నియంత్రణలో బలపడటానికి ఆ అనుభవం ఒక పెద్ద కారణం.

విన్‌క్రిస్టిన్: అన్నిటికంటే పాత పాఠం

మన పెరళ్లలో పూసే బిళ్ళగన్నేరు మొక్క నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ 1963లో అమెరికాలో ఆమోదం పొందింది. పిల్లల్లో వచ్చే తీవ్ర లింఫోబ్లాస్టిక్ లుకేమియాకూ, పెద్దల్లో లింఫోమాకు ఇచ్చే ఆర్-చాప్ చికిత్సకూ నేటికీ ఇది తప్పనిసరి. పిల్లల లుకేమియాలో మొదటి దశలో వారానికొకసారి ఇస్తారు. అదే దశలో స్టెరాయిడ్లు కూడా ఇస్తారు, తెల్లకణాలూ అడుగంటుతాయి. అంటే ఫంగస్ భయం ఎక్కువగా ఉన్నప్పుడే విన్‌క్రిస్టిన్ కూడా ఒంట్లోకి వెళుతుంది.

ఈ మందును విరిచేవి 3ఏ4, దాని జంట ఎంజైము 3ఏ5. కణం నుంచి బయటికి తోసేది పీ-గ్లైకోప్రోటీన్. ఇట్రకోనజోల్ ఎంజైమునూ పంపునూ రెండింటినీ అడ్డుకుంటుంది. అప్పుడు దెబ్బ తగిలేది నరాలకు. మొదట మలబద్ధకం, కడుపు ఉబ్బరం. అది ముదిరితే పేగు కదలిక పూర్తిగా ఆగిపోతుంది. కాళ్లు తిమ్మిరెక్కుతాయి, పాదం పైకి లేవక నడకలో ఈడ్చుకుంటుంది, దవడ లాగుతుంది. నీటిని బయటికి పోనివ్వని హార్మోను అదుపుతప్పి రక్తంలో సోడియం పడిపోతుంది. అది బాగా పడితే మూర్ఛ వస్తుంది. పేగు ఆగిన పిల్లవాడిని చూసి ఆపరేషన్ అవసరమైన కడుపు జబ్బేమోనని సర్జన్లను పిలిచే పరిస్థితి కూడా వస్తుంది. మూలం మందుల జంటలో ఉందని ఎవరికీ తట్టకపోతే తర్వాతి వారం మరో డోసు పడుతుంది.

1995లో జర్మనీ నుంచి ఆనల్స్ ఆఫ్ హెమటాలజీలో వెలువడిన నివేదిక ఈ జంటను వైద్యలోకం ముందు స్పష్టంగా పెట్టింది. అప్పటి నుంచి కేసులు పోగవుతూనే వచ్చాయి. 2012లో మైకోసెస్ అనే జర్నల్‌లో వచ్చిన సమీక్ష అప్పటిదాకా ప్రచురితమైన 47 మంది రోగుల ఉదంతాలను ఒకచోట చేర్చింది. వారిలో మూడింట రెండు వంతుల కంటే ఎక్కువమంది తీవ్ర లింఫోబ్లాస్టిక్ లుకేమియా రోగులు. 70 శాతం పైచిలుకు మందికి పేగుల బాధలు, 60 శాతం పైచిలుకు మందికి చేతులు కాళ్ల నరాల బాధలు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. ప్రచురితమయ్యేవి తీవ్రమైన కేసులే. రెండు మందులూ కలిసినా ఏమీ కాని రోగి గురించి ఎవరూ జర్నల్‌కు రాయరు. కనుక ఈ శాతాలు ప్రమాదం ఎంత తరచో చెప్పవు, వచ్చినప్పుడు ఏ రూపంలో వస్తుందో చెబుతాయి. విన్‌క్రిస్టిన్ ఒక్కటే ఇచ్చినా నరాలకు కొంత దెబ్బ తగులుతుంది. అందులో అజోల్ వాటా ఎంతో విడదీయడం కష్టం. 3ఏ5 ఎంజైము బాగా పనిచేసే వంశవారసత్వం ఉన్నవారిలో ఈ దెబ్బ తక్కువ అనడానికి కూడా ఆధారాలున్నాయి. ఇన్ని సందేహాలున్నా ఒక విషయంలో మార్గదర్శకాలన్నీ ఏకమవుతాయి: విన్‌క్రిస్టిన్ పడే రోజుల్లో ఇట్రకోనజోల్, పోసకోనజోల్, వోరికోనజోల్ వీలైనంతవరకు వద్దు.

విన్‌క్రిస్టిన్‌కు ఒకరోజు ముందు అజోల్ ఆపి, ఒకరోజు తర్వాత మొదలుపెట్టే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. మందుల లెక్క దీన్ని సమర్థించదు. పోసకోనజోల్ సగానికి తగ్గడానికే ఒకరోజుకు పైగా పడుతుంది. విన్‌క్రిస్టిన్ చివరి అంశం ఒంట్లోంచి పోవడానికి రోజులు పడుతుంది. ఇరవైనాలుగు గంటల ఎడం మనసుకు ధైర్యం ఇస్తుంది తప్ప ఎంజైముకు విడుదల ఇవ్వదు.

మాత్రల యుగం

2001లో ఇమాటినిబ్ మాత్ర రాకతో క్యాన్సర్ చికిత్స సగం ఇంటికి వచ్చేసింది. దానితోపాటే ఈ సమస్య కూడా ఇంటికి చేరింది. వార్డులో నర్సు చేతిమీదుగా వెళ్లే ఇంజెక్షన్ మీద నలుగురి కళ్లుంటాయి. ఇంట్లో మింగే మాత్ర పక్కన మరో మాత్ర చేరితే చూసేవారుండరు.

ఈ మాత్రలన్నీ ఒకే తీరుగా స్పందించవు. కీటోకోనజోల్‌తో కలిపి చూసిన పరీక్షల్లో ఇమాటినిబ్ మొత్తం 40 శాతం పెరిగింది. నిలోటినిబ్ 3 రెట్లు, డసాటినిబ్ 5 రెట్లు పెరిగాయి. రొమ్ము, కిడ్నీ క్యాన్సర్లలో వాడే ఎవరోలిమస్ 15 రెట్లు పెరిగింది. ఇబ్రుటినిబ్ 24 రెట్లు. దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియాకు వాడే ఈ మాత్రలో ఎక్కువ భాగం పేగులో, కాలేయంలో విరిగిపోయి, రక్తంలోకి చేరేది స్వల్పం. ఆ విరగడాన్ని ఆపేస్తే అంతా ఒక్కసారిగా రక్తంలోకి వస్తుంది. మందు ఎంత వ్యర్థమవుతుందో, అడ్డు పడినప్పుడు అంత పెరుగుతుందన్న సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఇబ్రుటినిబ్‌లో మరో ఇరుకు ఉంది. ఫంగస్‌ను ఎదుర్కొనే తెల్లకణాల పనిని కూడా ఈ మందు కొంత దెబ్బతీస్తుంది. దీన్ని వాడేవారిలో ఆస్పర్జిల్లస్ మెదడు దాకా పాకిన కేసులు 2017, 2018ల్లో ప్రచురితమయ్యాయి. క్యాన్సర్ మందే ఫంగస్‌కు దారి వదులుతుంది. ఆ ఫంగస్‌కు తగిన మందు వోరికోనజోల్. అది మొదలుపెడితే ఇబ్రుటినిబ్ మట్టం ఎగబాకి రక్తస్రావం, గుండె లయ తప్పడం లాంటివి ముందుకొస్తాయి. అందుకే ఇలాంటప్పుడు చాలామంది డాక్టర్లు ముందు ఇబ్రుటినిబ్‌ను ఆపుతారు, లేదా లేబుల్ చెప్పినట్టు డోసును బాగా కోస్తారు.

డోసు కోత ఎంత స్పష్టంగా రాయవచ్చో వెనెటోక్లాక్స్ చూపిస్తుంది. 2018లో తీవ్ర మైలాయిడ్ లుకేమియాకు కూడా అనుమతి పొందిన ఈ మందును అజాసిటిడిన్‌తో కలిపి రోజుకు 400 మిల్లీగ్రాములు ఇస్తారు. పోసకోనజోల్ తోడైతే అమెరికా లేబుల్ ప్రకారం 70 మిల్లీగ్రాములే. ఇతర బలమైన నిరోధకాలతో 100. ఫ్లుకోనజోల్ లాంటి మధ్యస్థాలతో కనీసం సగానికి తగ్గించాలి. నిరోధకం ఆపిన రెండు మూడు రోజుల తర్వాత పాత డోసుకు రావాలి. ఈ చివరి వాక్యాన్ని మరచిపోవడం తేలిక. ఫంగస్ మందు ఆగి వారాలు గడిచినా వెనెటోక్లాక్స్ 70 దగ్గరే ఉండిపోతే రోగికి అందుతున్నది అరకొర చికిత్స. పరస్పర చర్య అంటే విషం పెరగడమే అనుకుంటాం. మందు చాలకపోవడం కూడా అందులో భాగమే.

మిగిలిన కీమో మందులు

పాత కీమోథెరపీ మందుల్లో డోసిటాక్సెల్, ఇరినోటెకాన్‌ల సంగతి తేలికగానే తేలింది. కీటోకోనజోల్‌తో డోసిటాక్సెల్ ఒంట్లోంచి పోయే వేగం సగానికి పడిపోయింది. ఇరినోటెకాన్ నుంచి పుట్టే చురుకైన విషపదార్థం రెట్టింపయింది. కీటోకోనజోల్‌తో ఇరినోటెకాన్ ఇవ్వకూడదని, అది ఆపిన తర్వాత కూడా వారం ఆగమని లేబుల్ చెబుతుంది.

సైక్లోఫాస్ఫమైడ్ కథ వేరు. ఇది ఒంట్లో ఎంజైములు మార్చితేనే పనిచేసే మందు. ఎంజైమును అడ్డుకుంటే మందు పని తగ్గాలి కదా అనిపిస్తుంది. మూలకణ మార్పిడి రోగుల మీద జరిపి 2004లో బ్లడ్ జర్నల్‌లో వెలువరించిన అధ్యయనంలో, సైక్లోఫాస్ఫమైడ్‌తో పాటే ఇట్రకోనజోల్ తీసుకున్నవారిలో విషపూరిత అంశాలు ఎక్కువయ్యాయి. ఫ్లుకోనజోల్ వర్గంతో పోలిస్తే కాలేయం, మూత్రపిండాల సూచికలు వీరిలో చెడ్డాయి. ఒక దారి మూస్తే మందు మరో దారి పడుతుంది, ఆ దారి మంచిది కానక్కరలేదు. అదే మార్పిడి చికిత్సలో వాడే బుసల్ఫాన్‌కు 3ఏ4తో పెద్దగా పని లేదు. అయినా ఇట్రకోనజోల్‌తో దాని వెళ్లే వేగం ఐదో వంతు తగ్గింది. కాగితం మీద ఎంజైముల పట్టీ చూసి అంతా తెలిసిందనుకోవడానికి వీల్లేదని ఈ రెండూ చెబుతున్నాయి.

తీవ్ర ప్రోమైలోసైటిక్ లుకేమియాకు వాడే ట్రెటినాయిన్‌ను ఫ్లుకోనజోల్, వోరికోనజోల్ విరగనివ్వవు. పుర్రెలో ఒత్తిడి పెరిగి తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం వచ్చిన కేసులు నమోదయ్యాయి. ఆ జబ్బుకే ఇచ్చే మరో మందు ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ గుండెలో క్యూటీ అనే విరామాన్ని పొడిగిస్తుంది. అజోల్ మందుల్లో చాలావరకు ఆ పనే చేస్తాయి. వాంతులకిచ్చే ఓన్‌డాన్‌సెట్రాన్, జ్వరానికిచ్చే లెవోఫ్లాక్సాసిన్ కూడా అంతే. ఒక్కొక్కటి విడిగా చూస్తే కొంచెమే. నాలుగూ కలిసి, పొటాషియం కూడా తగ్గి ఉంటే గుండె లయ తప్పుతుంది. ఇక్కడ ఎంజైముతో నిమిత్తం లేదు, బరువు మీద బరువు పడటమే కారణం. అజోల్ మందుల్లో ఇసావుకోనజోల్ ఒక్కటి మాత్రం క్యూటీని పొడిగించదు, కొంచెం తగ్గిస్తుంది.

ఎదురు దిశ కూడా ఉంది. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే ఎంజలుటమైడ్, అపలుటమైడ్ 3ఏ4 ఎంజైమును ఉసిగొల్పుతాయి. అప్పుడు ఇట్రకోనజోల్ వంటి ఫంగస్ మందే త్వరగా విరిగిపోయి పనికి రాకుండా పోతుంది. క్షయ మందు రిఫాంపిసిన్ ఈ పని ఇంకా గట్టిగా చేస్తుంది. క్షయ, క్యాన్సర్, ఫంగస్ మూడూ ఒకే రోగిలో కలవడం మన దేశంలో అరుదైన ఊహ కాదు. ఇట్రకోనజోల్ గుళికలు రక్తంలోకి చేరాలంటే కడుపులో ఆమ్లం కావాలి. కీమో తీసుకునే చాలామంది పొద్దున్నే మింగే గ్యాస్ మాత్ర ఆ ఆమ్లాన్నే ఆపేస్తుంది.

లెక్కలు ఎక్కడివి

పైన చెప్పిన రెట్లన్నీ చాలావరకు ఆరోగ్యవంతులైన కొద్దిమంది మీద, ఒకటి రెండు డోసులతో చేసిన పరీక్షల నుంచి వచ్చాయి. రోగి ఒళ్లు అలా ఉండదు. లుకేమియా మాత్ర మైడోస్టారిన్ ఇందుకు మంచి ఉదాహరణ. ఆరోగ్యవంతుల్లో కీటోకోనజోల్‌తో అది 10 రెట్లు పెరిగింది. 2017లో ఫలితాలు వెలువడిన రాటిఫై ట్రయల్‌లో బలమైన నిరోధకాలు వాడిన లుకేమియా రోగులను విడిగా లెక్కిస్తే పెరుగుదల 1.44 రెట్లే. ఆరోగ్యవంతుల సంఖ్యను నమ్మి అజోల్‌ను ఆపేసి ఉంటే ఆ రోగులకు ఫంగస్ రక్షణ పోయేది.

కాబట్టి ఆధారాలకు ఒక క్రమం పెట్టుకోవాలి. రోగుల్లోనే రక్తంలో మందు మట్టం కొలిచి, దానికి తగ్గ డోసు తేల్చిన వెనెటోక్లాక్స్ లాంటివి పై మెట్టు. ఆరోగ్యవంతుల పరీక్షల మీదే నిలిచినవి రెండో మెట్టు. కేసుల వరుసతో తేలిన విన్‌క్రిస్టిన్ లాంటివి మూడో మెట్టు. అయితే మూడో మెట్టు అంటే బలహీనమని కాదు. పిల్లలకు కావాలని రెండూ ఇచ్చి చూసే ట్రయల్ ఎవరూ చేయరు, చేయకూడదు. పేగు ఆగిన పిల్లల వరుసే అక్కడ చాలినంత సాక్ష్యం.

దారులు

ఉన్న దారులు నాలుగు. మొదటిది ఫంగస్ మందును మార్చడం. కాస్పోఫంగిన్, మైకాఫంగిన్, అనిడులాఫంగిన్ అనే ఎకినోకాండిన్లు ఫంగస్ కణగోడ మీద పనిచేస్తాయి, సీవైపీ ఎంజైముల జోలికి పెద్దగా పోవు. విన్‌క్రిస్టిన్ రోజుల్లో ఇవి సహజమైన ఎంపిక. ఇవి రోజూ నరానికి ఎక్కించాలి, మాత్ర లేదు. మ్యూకర్ జాతి ఫంగస్‌కు, అంటే 2021 కోవిడ్ రోజుల్లో బ్లాక్ ఫంగస్ పేరుతో మనందరికీ తెలిసిన జబ్బుకు, పనిచేయవు. లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ బి దానికీ పనిచేస్తుంది, ఎంజైములతో గొడవ లేదు. మూత్రపిండాలనూ పొటాషియాన్నీ కనిపెట్టుకోవాలి, ఖర్చు ఎక్కువ. ముందుజాగ్రత్తగా వారానికి రెండుసార్లు ఇస్తే పెద్దల లింఫోబ్లాస్టిక్ లుకేమియాలో ఫంగస్ తగ్గుతుందేమో చూసిన ఆంబిగార్డ్ ట్రయల్‌లో సోకినవారు 7.9 శాతం, ఇవ్వనివారిలో 11.7 శాతం. గణాంకాల ప్రకారం ఆ తేడాను నిజమైన లాభమని తేల్చలేకపోయారు.

రెండో దారి క్యాన్సర్ మందు డోసు కోయడం. లేబుల్‌లో అంకె ఉన్నచోట ఇది మంచి దారి, లేనిచోట ఊహాగానం. మూడోది ఎడం పాటించడం. దాని పరిమితి పైన చూశాం. నాలుగోది రక్తంలో మట్టాలు కొలవడం. వోరికోనజోల్‌కు లీటరుకు 1 నుంచి 5.5 మిల్లీగ్రాములు, ముందుజాగ్రత్త పోసకోనజోల్‌కు 0.7కు పైన అన్న గురి ఉంది. ఈ పరీక్ష పెద్ద నగరాల ల్యాబుల్లో తప్ప దొరకదు. క్యాన్సర్ మందుల మట్టం కొలవడం ఇంకా అరుదు.

ఐదోది దారి అనాలో సాహసం అనాలో తేలని ఆలోచన. పెరిగే మట్టాన్నే లాభంగా మార్చుకుని ఖరీదైన క్యాన్సర్ మాత్రను తక్కువగా వాడటం. హెల్సింకి విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో ఇట్రకోనజోల్‌తో ఇబ్రుటినిబ్ సుమారు 10 రెట్లు పెరగడమే కాక మనిషికీ మనిషికీ మధ్య తేడా కూడా తగ్గిందని చూపారు. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ రటైన్ ఇలాంటి పొదుపు ప్రయోగాలకు చాలాకాలంగా వాదిస్తున్నారు. అజోల్‌తో కలిపి వెనెటోక్లాక్స్‌ను 100 మిల్లీగ్రాములో, ఇంకా తక్కువో ఇచ్చిన అనుభవాలను భారతదేశంలోని కొన్ని కేంద్రాలు కూడా ప్రచురించాయి. మందు కొనలేక చికిత్స మానేసే దేశంలో ఇది తోసిపుచ్చదగిన ఆలోచన కాదు. అయితే అది ట్రయల్ నీడలో, రక్తపరీక్షల నిఘాలో జరగాల్సిన పని. ఇంట్లో మాత్ర విరిచి చేసుకునే సర్దుబాటు కాదు.

మన ముంగిట్లో

తెలుగు రాష్ట్రాల్లో ఈ ప్రశ్నకు అసలు బరువు పెద్దాసుపత్రి బయట ఉంది. తామర మన దేశంలో కొన్నేళ్లుగా మొండికేసింది. మామూలు మందులకు లొంగని ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే జాతికి ఇండియా పేరే పెట్టారు. దాంతో ఇట్రకోనజోల్ గుళికలు నెలల తరబడి వాడటం, ఆర్‌ఎంపీ చెప్పినా మెడికల్ షాపులో అడిగినా చీటీ లేకుండా దొరకడం మామూలైపోయింది. వారానికొక ఫ్లుకోనజోల్ మాత్ర సంగతి చెప్పనే అక్కరలేదు. ఏళ్లుగా డసాటినిబ్ మింగుతున్న మనిషికి నడుం దగ్గర తామర వస్తే, అతను క్యాన్సర్ డాక్టరుకు ఫోన్ చేయడు. పక్కవీధి షాపుకు వెళతాడు. 'దురదకు ఏదైనా ఇవ్వు బాబూ' అంటాడు. ఆ షాపతనికి డసాటినిబ్ సంగతి తెలియదు. డసాటినిబ్ రాసిన డాక్టరుకు తామర సంగతి తెలియదు.

తామరకే ఇచ్చే టెర్బినాఫిన్ మాత్ర అజోల్ కాదు, 3ఏ4ను ముట్టుకోదు. అది ఆపేది 2డీ6 అనే మరో ఎంజైమును. రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఐదేళ్లు, పదేళ్లు టమోక్సిఫెన్ వాడే స్త్రీలలో ఆ మందును చురుకైన ఎండాక్సిఫెన్‌గా మార్చేది ఆ 2డీ6. దీనివల్ల క్యాన్సర్ తిరగబెట్టడం పెరుగుతుందా అన్నదాని మీద పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. అయినా అవసరం లేని అడ్డు ఎందుకు? చాలా తామరలకు పైపూత క్రీములు చాలు. క్రీము నుంచి రక్తంలోకి చేరేది అతి స్వల్పం. క్యాన్సర్ మాత్ర వాడేవారికి ముందు ప్రయత్నించాల్సింది అదే.

ఈ లోటు పూడ్చగల మనుషులు మనకున్నారు. 2008లో మన దేశంలో ఫార్మ్-డీ కోర్సు మొదలైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆ కోర్సు చెప్పే కాలేజీలు చాలానే ఉన్నాయి. ఆరేళ్లు చదివి, మందుల పరస్పర చర్యల మీదే శిక్షణ పొంది బయటికి వచ్చినవారిలో ఎక్కువమందికి ఆసుపత్రి వార్డులో స్థానం లేదు. క్యాన్సర్ విభాగం ఉన్న ప్రతి ఆసుపత్రిలో, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, రోగి మందుల పట్టీ మొత్తాన్ని చూసే ఒక క్లినికల్ ఫార్మసిస్టు ఉద్యోగం తప్పనిసరి కావాలి. విన్‌క్రిస్టిన్ సిరంజి బయటికి వచ్చేలోపు ఆ చీటీలో అజోల్ ఉందేమో చూడటానికి పట్టేది ఒక్క నిమిషం.

ఇంతా చూశాక తేలేది ఒకటే. ఈ రెండు మందుల మధ్య జరిగేది అనుకోని ప్రమాదం కాదు. రసాయనం తెలిసింది, ఎంజైము తెలిసింది, చాలా జంటలకు అంకె కూడా తెలిసింది. ఇంత తెలిశాక కూడా దెబ్బ తగిలితే తప్పు శాస్త్రానిది కాదు, ఎవరి చేతిలో ఏ చీటీ ఉందో చూడని వ్యవస్థది.

క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారికీ వారి ఇంటివారికీ చివరి మాట. వాడుతున్న ప్రతి మందు పేరూ, తామర గుళికా గ్యాస్ మాత్రతో సహా, ఒకే కాగితం మీద రాసి దగ్గర ఉంచుకోండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఏ షాపులో కొత్త మాత్ర కొన్నా ముందు ఆ కాగితం చూపండి. కొత్త మందు మొదలుపెట్టినప్పుడే కాదు, పాతది ఆపినప్పుడు కూడా మీ క్యాన్సర్ డాక్టరుకు చెప్పండి. సొంతంగా ఏ మందూ ఆపవద్దు, డోసు తగ్గించవద్దు. విన్‌క్రిస్టిన్ పడిన పిల్లవాడికి రెండు రోజులు విరేచనం కాకపోయినా, నడక తేడాగా ఉన్నా, మత్తుగా పడుకున్నా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.